గిటారు పాడవలేదు, వాళ్లే శ్రుతి దించారు

తమ్ముడూ, ఆ బ్యాండ్ పాత ఆల్బమ్‌లతో చక్కగా కలిసిన గిటారు కొత్త ఆల్బమ్ పెట్టేసరికి ఎక్కడా కలవట్లేదని, షాపువాడు పాడైన సరుకు అంటగట్టాడేమోనని రాశావు. పాపం, షాపువాణ్ని వదిలెయ్. బ్యాండే శ్రుతి దించి ఉంటుంది.

ఇది పాత విద్యే. ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీకి ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి, అదీ మెట్లు (ఫ్రెట్లు) నొక్కే చేతివి. తీగ వదులైతే నొక్కడం సుళువని 1971లో ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు మూడు స్వరస్థానాలు (అంటే మూడు మెట్లంత) కిందికి దించేశాడు. నొప్పి తగ్గడం కోసం చేసిన పని, మోతేమో డప్పులా బరువెక్కింది. కొత్త ఆల్బమ్‌లో ఆ బ్యాండ్ మెత్తబడిందన్నావు గానీ, నాకైతే అది మెత్తదనం కాదు, బరువు.

పరీక్ష చెప్తాను. పాటలో అన్నిటికంటే కింద గుర్రుమనే స్వరాన్ని పట్టుకో. అది నీ గిటారు మామూలు శ్రుతిలో ఉండగా ఐదో తీగ (లావు తీగ పక్కది) నాలుగో మెట్టు మీద, ఒక స్థాయి పైన కలిసిందా? అయితే నీదీ మూడు దించాలి. లావు తీగ నుంచి వరసగా సీ షార్ప్, ఎఫ్ షార్ప్, బి, ఇ, జి షార్ప్, సీ షార్ప్. ఫోన్లో ట్యూనర్ యాప్ చాలు.

తొమ్మిదో నంబరు సన్న తీగలైతే ఇలా దించితే బట్టలారేసిన తాడులా వేలాడి, మెట్లకు తగిలి జుయ్‌మంటాయి. కాస్త లావుగా ఉండే పదకొండో నంబరు సెట్టు వేయించు. రాయగడలో దొరక్కపోతే వైజాగ్ రైలెక్కే వాళ్లెవరికైనా చెప్పు. మా పర్లాకిమిడిలో నేనూ అలాగే తెప్పించుకుంటాను. కొత్త తీగలు రెండ్రోజులు సాగుతాయి, మళ్లీ మళ్లీ శ్రుతి చూసుకో.