మా తమ్ముడు రాత్రిళ్లు భయంకరమైన బొమ్మల సినిమాలు చూస్తున్నాడు, మాన్పించాలా?

మీ తమ్ముడు డిగ్రీ రెండో ఏడు చదువుతూ రాత్రిళ్లు వింత యానిమేషన్ షార్ట్ ఫిల్ములు చూస్తున్నాడని రాశారు. వాటంతటవే నేలలోంచి ఊడివచ్చే మరమేకులు, డొల్ల తలల బొమ్మలు, పచ్చి మాంసం ముక్క. పక్కన కూర్చుని చూస్తే మీకు కడుపులో తిప్పిందట. మనసు పాడవుతుందేమోనని మీ టెన్షన్. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆ వయసులో నేనూ ఇవే చూశాను, చివరికి ఒకటి తీశాను కూడా. మా అమ్మ కూడా మీలాగే భయపడింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను మొదట చూసింది బరంపురం హాస్టల్లో, స్నేహితుడి కంప్యూటర్ మీద. చెక్ దేశపు యాన్ ష్వాంక్‌మయెర్ 1982లో తీసిన 'డైమెన్షన్స్ ఆఫ్ డైలాగ్'. పావుగంట కూడా ఉండదు. కూరగాయలు, తిండి సరుకులతో పేర్చిన తల ఒకటి, గరిటెలు, గిన్నెలతో పేర్చిన తల ఒకటి ఎదురెదురుగా వస్తాయి. సామాన్ల తల నోరు తెరిచి కూరగాయల తలను మింగుతుంది, లోపల నుజ్జు చేస్తుంది, కక్కేస్తుంది. తర్వాత పుస్తకాలు, కాగితాల తల వచ్చి దాన్ని మింగుతుంది. ఇలా ఒకదాన్నొకటి మింగి కక్కి, మెత్తగా, ఇంకా మెత్తగా అయి, చివరికి అన్నీ ఒకేలా ఉండే మట్టి తలలు అవుతాయి. ఆ రాత్రి మెస్సులో నాకు ముద్ద దిగలేదు. దెయ్యాల సినిమాలు చూసి హాయిగా పడుకునేవాణ్ణి, గరిటెలను చూసి భయపడ్డాను. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు.

తర్వాత ఆయన గురించి చదివాను. 1970ల్లో అక్కడి ప్రభుత్వం ఆయన్ని కొన్నేళ్లు సినిమా తీయనివ్వలేదు. ఆ ఖాళీ కాలంలో ఆయన స్పర్శ మీద పడ్డాడు. కంటితో కాకుండా చేత్తో తడిమి తెలుసుకునే బొమ్మలు, వస్తువులు చేశాడు. మళ్లీ కెమెరా పట్టాక ఆ వేళ్ల జ్ఞాపకం సినిమాల్లోకి వచ్చింది. అందుకే ఆయన బొమ్మల్లో గరుకు గరుకుగా, జిగట జిగటగా తెలుస్తుంది. మీకు కడుపులో తిప్పింది కూడా ఆ పచ్చి మాంసాన్ని కళ్లతోనే తాకినట్టు అయినందుకే అనుకుంటాను. మీ ఒంటికి అది ఎలా ఉంటుందో ముందే తెలుసు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా మావయ్య కొమ్ము పని చేసేవాడు, అంటే పశువుల కొమ్ములతో బొమ్మలు చేయడం. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు మీరు చూసే ఉంటారు, కొంగలు, రొయ్యలు. కొమ్మును సెగ మీద కాచి, మెత్తబడ్డాక వంచి, ఆకురాయితో రుద్ది, నల్లగా నిగనిగలాడేదాకా మెరుగు పెడతారు. కాచేటప్పుడు వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. ఆయన గూట్లో ఒక రేకు డబ్బా ఉండేది. నిండా విరిగిన రొయ్య కాళ్లు, వంకరపోయిన మీసాలు, తల లేని కొంగలు. డబ్బా కదిపితే చిన్న చిన్న ఎముకల చప్పుడు. ఒక వేసవి సెలవుల్లో ఆ డబ్బా అడిగి తీసుకున్నాను.

పెంకుటింట్లో మధ్య గదికి గోనెపట్టాలు కట్టి, ఫోన్‌ను పీటకు గుడ్డపేలికతో బిగించి మొదలుపెట్టాను. సెకనుకు 12 ఫొటోలు, వరసగా చూపిస్తే బొమ్మ కదిలినట్టు ఉంటుంది. డబ్బాలోని ముక్కలు అతికించి చేసిన రొయ్య కాలు ఒక గోరు మందం జరపడం, చెయ్యి తీయడం, ఫొటో. మళ్లీ జరపడం. 40 సెకన్ల సినిమాకు 480 ఫొటోలు. గాజుపెంకు లోంచి ఎండ జరిగితే బొమ్మ మినుకుమంటుంది. బల్బు పెడితే ఆ వేడికి జిగురు కరిగి, సరిగ్గా మంచి షాట్ మధ్యలో కాలు ఊడిపోయేది. నాలుగు రోజుల పని అలా ఒకసారి పోయింది, ఆ రోజు ఏడ్చాను.

మొదటిసారి పూర్తయ్యాక ఇంట్లో చూపించాను. మా చెల్లెళ్లు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. మావయ్య మాత్రం నవ్వలేదు. "రొయ్య అలా నడవదురా, నీది పీతలా పోతోంది" అన్నాడు. మర్నాడు సంత నుంచి బతికున్న రొయ్యలు నాలుగు తెచ్చి గిన్నెలో వేశాడు. ఇద్దరం బోర్లా పడుకుని చూశాం. అయిదు జతల కాళ్లు, ఒక జత తర్వాత ఒక జత, నీటి మీద అల పోయినట్టు కదులుతాయి. మీసాలు ఒక్క క్షణం కూడా ఊరుకోవు. అది చూసి సినిమా అంతా మళ్లీ తీశాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్మ మొహం తిప్పేసుకుంది. "ఏటిరా ఇది? చచ్చిన గొడ్డు కొమ్ముకి పానం పోసినావు" అంది.

అప్పుడు నాకు తెలిసింది. కదలిక తప్పుగా ఉన్నంతసేపు అది ఆటబొమ్మ. కదలిక సరిగ్గా వచ్చి, కదిలేది మాత్రం కదలకూడని వస్తువు అయితే, అప్పుడే ఒళ్లు జలదరిస్తుంది. ఇది ఈనాటిది కాదు. వ్లాడిస్లావ్ స్టారెవిచ్ అనే ఆయన ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో పని చేసేవాడు. జింక కొమ్ముల్లాంటి దవడలుండే పెంకుపురుగుల పోట్లాట తీయబోతే లైట్ల వెలుగుకు అవి కదలడం మానేశాయి. చచ్చిన పురుగుల కాళ్లకు తీగలు కట్టి, ఒక్కో ఫొటోకు కొంచెం జరుపుతూ తీశాడు. 1912లో ఆయన తీసిన 'ద కెమెరామ్యాన్స్ రివెంజ్'లో నటులు పురుగులే. శిక్షణ ఇచ్చిన నిజమైన పురుగులని అప్పట్లో నమ్మినవాళ్లు ఉన్నారు. అంత ఓపికగా ఆయన పురుగు నడకను చూశాడు. ఆ ఓపిక అంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మీ తమ్ముడు చూస్తున్న మరమేకుల సినిమా క్వే సోదరులు 1986లో తీసిన 'స్ట్రీట్ ఆఫ్ క్రోకడైల్స్' అయి ఉంటుంది. వాళ్లు అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన కవలలు. అందులో ఒక ముసలాయన యంత్రంలో ఉమ్మి పడేస్తే లోపలి లోకం కదలడం మొదలవుతుంది. కథ వెతికితే దొరకదు, అక్కడే చాలామందికి విసుగు. ఈసారి ఆ దుమ్మును చూడండి. గాజు మీద పేరుకున్న మురికి, తుప్పు పట్టిన మేకులు, సన్నటి వెలుతురు. మన ఊళ్లో మూసేసిన దుకాణం అద్దం లోంచి తొంగి చూసినట్టే ఉంటుంది.

మాన్పించాలా అంటే, వద్దు. ముందు కనుక్కోండి, అతను చూసి ఊరుకుంటున్నాడా, ఆపి ఆపి చూస్తున్నాడా. ఒకే చోట వెనక్కి తిప్పి పదిసార్లు చూస్తుంటే, ఎలా తీశారో లెక్క కడుతున్నట్టే. నేనూ అంతే చేసేవాణ్ణి. కానీ తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా, వారాల తరబడి నిద్ర లేకుండా ఉంటే అది సినిమాల సంగతి కాదు, డాక్టర్‌కు చూపించండి. ఇంకో మాట, ఇంట్లో చిన్నపిల్లలుంటే 1991 నాటి 'ద శాండ్‌మ్యాన్' మాత్రం పెట్టనివ్వకండి. పడుకోని పిల్లాడి కళ్ల కోసం వచ్చేవాడి కథ అది, ముగింపు పెద్దవాళ్లకే కష్టం.

మీరు అతనితో కలిసి చూడాలనుకుంటే ష్వాంక్‌మయెర్‌దే 1983 నాటి 'డౌన్ టు ద సెల్లార్'తో మొదలుపెట్టండి. ఒక చిన్నపిల్లను బంగాళాదుంపలు తెమ్మని చీకటి నేలమాళిగలోకి పంపిస్తారు. అంతే కథ. మన ఇళ్లల్లో నేలమాళిగలు ఉండవు కానీ, కరెంటు పోయిన రాత్రి కొట్టుగదిలోకి ఉల్లిపాయల కోసం వెళ్లమంటే మీ ఇద్దరిలో ఎవరు వెళ్లేవారో గుర్తుండే ఉంటుంది. పగలు చూడండి, తలుపు తీసి ఉంచండి. భయమేస్తే సౌండ్ తగ్గించండి, సగం భయం అక్కడే పోతుంది.

మా కొమ్ము రొయ్య ఇప్పటికీ అల్మారాలో ఉంది. పడుకునే ముందు అమ్మ దాని మొహం గోడవైపు తిప్పి పెడుతుంది. పొద్దున్న లేచాక మళ్లీ ఇటు తిప్పి, మీసాల మీది దుమ్ము కొంగుతో తుడుస్తుంది.