మొక్కు సంగతి ముందు రాయి

హనుమకొండ

బిడ్డా,

తలకు దెబ్బ తగిలిన మీ బాపు మీద నువ్వు రాసిన కథ కాగితాలు ఒకసారి గబగబా, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ముందు చివరి పేజీ గురించే మాట్లాడతాను, నాకు పేచీ అక్కడే. మీ బాపు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు తిరిగి వెళ్లి, కాంటా ముందు నిలబడి, సీజన్‌లో మొదటి మిర్చి బస్తా తూకం వేస్తాడు. చుట్టూ హమాలీలు చప్పట్లు కొడతారు. చదవడానికి బాగానే ఉంది. కానీ మొన్న ఫోన్‌లో నువ్వే చెప్పావు, బాపు ఇంకా పనిలోకి పోవడం లేదని. పాత దోస్తు ఎవరో పొద్దున బండి మీద యార్డుకు తీసుకుపోతే చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటాడని, ఆ చప్పుడుకు గంట తిరక్కముందే తల పట్టుకుని ఇంటికి పోదామంటాడని. నాకు కావలసింది ఈ చాయ్ హోటల్ ముందు కూర్చున్న మనిషి.

అబద్ధం రాశావని తప్పు పట్టడం లేదు. కథ కదా, కల్పించుకునే హక్కు నీకుంది. నా అభ్యంతరం ఏమిటంటే, ఆ ముగింపు నీది కాదు. తలకు దెబ్బ తగిలిన మనిషి కథకు అందరం కలిసి ఒకే దారి వేసి పెట్టుకున్నాం. యాక్సిడెంట్, ఐసీయూ, కళ్లు తెరవడం, అందరినీ గుర్తుపట్టడం, మళ్లీ మామూలు మనిషి అయిపోవడం. నీ ముప్పై పేజీల్లో ఇరవై పేజీలు డిశ్చార్జి కాకముందే అయిపోయాయి. ఇంటికొచ్చాక గడిచిన రెండున్నరేళ్లకు మిగిలింది పది పేజీలు. నీ దగ్గర ఉన్న సరుకంతా ఆ రెండున్నరేళ్లలోనే ఉంది.

నర్సంపేట రోడ్డు, లారీ, 108, ఎంజీఎం ఆసుపత్రి గేటు, అక్కడి నుంచి రాత్రికి రాత్రి హైదరాబాద్. ఇదంతా బాగా కుదించు. మన దగ్గర ఈ ప్రయాణం తెలియని ఇల్లు తక్కువ. పాఠకుడికి నాలుగు వాక్యాలు చాలు, మిగతాది అతనే నింపుకుంటాడు.

ఐసీయూలో మాత్రం రెండు చోట్ల ఆగాలి. ఒకటి, డాక్టర్ చెప్పిన ఆ ‘స్కోర్ ఏడు’. దాన్ని పరీక్ష మార్కులాగా వాడేసి ముందుకు పోయావు. మనిషికి తెలివి ఎంతుందో చూసే ఆ కొలతను 1974లో గ్లాస్గో నగరంలో ఇద్దరు న్యూరోసర్జన్లు తయారుచేశారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. మనిషిలో ఏ స్పందనా లేకపోయినా 3 వేస్తారు, అందులో సున్నా లేదు. 8, అంతకంటే తక్కువ వస్తే తీవ్రమైన దెబ్బ కింద లెక్క. ఇదంతా కథలో పెట్టమని కాదు. కారిడార్‌లో చాప మీద కూర్చున్న మీ అమ్మ ‘ఏడు’ అనే మాట విని ఏమనుకుందో అడిగి తెలుసుకో. పదికి ఏడు అనుకుని ఊపిరి పీల్చుకుందా? ఆ తర్వాత ఆమెకు అసలు సంగతి ఎవరు చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు?

రెండోది ఎముక. వాచిన మెదడుకు చోటు ఇవ్వడానికి పుర్రెలో ఒక ముక్క తీసి, పాడుకాకుండా పొట్ట చర్మం కింద దాచారని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ నేను పెన్సిల్ కింద పెట్టేశాను. తిరిగి అమర్చేదాకా అన్ని నెలలూ మీ బాపు తల ఎముక ఆయన కడుపు మీదే ఉంది. ఒళ్లు తుడిచేటప్పుడు అది అమ్మ చేతికి తగిలే ఉంటుంది. తల ఆ పక్క గుంటపడి, దగ్గినప్పుడు ఉబికి ఉంటుంది. నిద్రలో ఆ పక్కకు ఒరగకుండా దిండు అడ్డం పెట్టి రాత్రిళ్లు ఎవరు మేలుకున్నారు? చూడటానికి వచ్చిన చుట్టాలకు కనిపించకుండా తువ్వాల ఎవరు చుట్టారు? లారీ గుద్దుడు కంటే పాఠకుడికి ఇది ఎక్కువ గుర్తుంటుంది.

తర్వాత, కోమాలో ఉన్న బాపు మనసులోకి దూరి మూడు పేజీలు రాశావే, చీకటి సొరంగం, దూరంగా వెలుగు, ఎవరో పిలుస్తున్న గొంతు. అవి తీసెయ్. మెలకువ వచ్చాక కూడా చాలా రోజులు, ఒక్కోసారి వారాల తరబడి, అలాంటి మెదడు ఏ రోజునూ దాచుకోదు. కళ్లు తెరిచే ఉంటాయి, మాట్లాడుతూనే ఉంటాడు, ముక్కులోని గొట్టం లాగేస్తాడని చేతులు మంచానికి కట్టేస్తారు, అడిగిందే పదిసార్లు అడుగుతాడు. ఆ రోజులు తర్వాత ఆయనకు గుర్తుకు రావు. మొత్తం మీ ఇంట్లోవాళ్ల దగ్గరే ఉన్నాయి. కాబట్టి ఆ భాగం నీ కళ్లతోనే రాయి, ఆయన లోపలికి పోకు.

మన సినిమాల్లో తలకు దెబ్బ తగిలితే గతమంతా చెరిగిపోతుంది, రెండో దెబ్బకు తిరిగొస్తుంది. నిజానికి రెండో దెబ్బ ప్రాణం మీదికి తెస్తుంది. జ్ఞాపకం సంగతి కూడా దాదాపు తలకిందులు. పాతవి చాలావరకు ఉంటాయి, కొత్తవే నిలవవు. మీ బాపునే చూడు. నువ్వు పుట్టిన ఏడాది మిర్చి ఏ రేటు పలికిందో చెబుతాడు, పొద్దున ఏం తిన్నాడో చెప్పలేడు. ‘ఇయ్యాల యార్డుకు పోయొచ్చిన, రేటు దిగింది’ అని మంచం మీద నుంచే చెప్పినప్పుడు, పక్కనే ‘బాపు అబద్ధం చెప్పాడు’ అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. ఖాళీ కనపడితే మెదడు తనకు తెలిసిన దానితో పూడుస్తుంది, చెప్పే మనిషికి అది నిజమే. ఆయన మాట ఉంచు, దాని మీద నీ తీర్పు అక్కర్లేదు. నువ్వు ఆ రోజు ఏం జవాబిచ్చావో రాస్తే చాలు. ఎదురు చెప్పావా, ‘ఎంత దిగింది బాపూ’ అని అడిగావా?

మాట పోయిన రోజుల గురించి రాసిన పేజీయే మొత్తంలో నాకు బాగా నచ్చింది. నీ పేరు నోటికి రాదు, నీళ్లు కావాలంటే చెయ్యి చూపిస్తాడు. అలాంటిది, స్పీచ్ థెరపీకి వచ్చినామె అంకెలు చెప్పమంటే ‘లాభం, రెండు, మూడు’ అంటూ ఇరవై దాకా ఆగకుండా చెప్పేశాడు. వడ్లు కొలిచిన ఇంట్లో పెరిగినవాడు ఒకటి అనడు కదా. ఆమె వేరే ఊరి మనిషి కాబట్టి మొదటి అంకె తప్పయిందని రాసుకుంది. ఎంత బాగుందో చూడు! తల ఎడమవైపు దెబ్బకు మాట పోయిన చాలామందిలో అంకెలు, వారాల పేర్లు, పాటలు, తిట్లు మిగులుతాయి. అలవాటుగా దొర్లే మాట వేరే, వెతికి పేర్చుకునే మాట వేరే. నువ్వు ఆ సంగతిని డాక్టర్‌లా వివరించలేదు, జరిగింది జరిగినట్టు పెట్టావు. మిగతా పేజీలు కూడా ఇలాగే ఉండాలి.

వాసన సంగతి నీ కథలో అసలు లేదు, ఫోన్‌లో మాత్రం ఉంది. పాలు పొంగి, అడుగంటి, గిన్నె నల్లబడి ఇల్లంతా పొగ నిండినా, పక్కనే స్టూల్ మీద కూర్చున్న బాపు కదలలేదన్నావు. ముక్కు పైభాగంలో వాసన మోసే నరాల పోగులు చాలా సన్నగా ఉంటాయి, తల గట్టిగా అదిరితే తెగిపోతాయి. చాలామందికి అది తిరిగి రాదు. కానీ మిర్చి ఘాటును మోసేది వేరే నరం. అందుకే యార్డులో ఆయనకు ఇప్పటికీ దగ్గు వస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అమ్మ వండిన మటన్ కూర వాసన మాత్రం తెలియదు. ఉప్పు కారాలు తెలుస్తాయి, కూర రుచే లేదంటాడు. వంటలో తప్పు జరిగిందని అమ్మ ఎన్ని రోజులు నొచ్చుకుందో!

ఇక తిట్లు. పెద్దక్క అత్తగారి ముందు బాపు అన్న మాట రాశావు, మళ్లీ కొట్టేశావు. కొట్టేసిన గీత కింద నుంచి నాకు కనిపించింది. నుదుటి వెనక భాగానికి దెబ్బ తగిలితే నోటికి తాళం ఊడిపోతుంది, మనిషి చెడ్డవాడు అయినట్టు కాదు. అయితే రాయాలా వద్దా అన్నది నేను తేల్చేది కాదు. రాసింది ఆయనకు చదివి వినిపించు. ఒకరోజు సరే అంటాడు, మర్నాడు ఆ సంగతే గుర్తుండదు. కాబట్టి వేరే వేరే రోజుల్లో అడుగు, పొద్దున తల తేటగా ఉన్నప్పుడు. సాయంత్రానికి అలసిపోయి దేనికైనా ఊ అంటాడు, ఆ ఊను పట్టుకోకు. ఒక్కసారి వద్దన్నా తీసెయ్. కథకు కొంత నష్టమే, కానీ ఇంట్లో రేపు ఆయన మొహం చూడాల్సింది నువ్వు.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిదో పేజీలో, రెండు కామాల మధ్య, మీ అమ్మ మొక్కును పడేశావు. మనిషి నయమై ఇంటికొస్తే సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇచ్చుకుంటానని ఐసీయూ బయట మొక్కుకుంది. మన ప్రాంతం తెలియని పాఠకుడి కోసం, మేడారంలో బంగారం అంటే బెల్లమని, నిలువెత్తు అంటే మనిషి బరువంత అని, జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుందని ఎక్కడో ఒకచోట చెప్పు. అంతకు మించి వర్ణించకు. జనం, దుమ్ము, జంపన్న వాగు అందరూ రాసేశారు.

జీవితమంతా దడ్వాయిగా ఊరి సరుకును తూచిన మనిషిని కాంటా ఎక్కించి తూచాలి. ఇంత కథ చేతిలో పెట్టుకుని చప్పట్ల కోసం మార్కెట్‌కు పోయావేమిటి?

దెబ్బ తగిలిన కొన్ని నెలలకే మొదటి జాతర వచ్చింది. మీ అమ్మ పోలేదు. ‘వచ్చే జాతరకు చూద్దాం’ అంది. ఖర్చుకు వెనకాడిందని చుట్టాలు అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. అప్పటికి బాపు గొట్టం తిండి మీద ఉండి ఉండి సగానికి సగం చిక్కిపోయాడు. ఆ బరువుకు తూచి ఇస్తే అమ్మవార్లకు తక్కువ ఇచ్చినట్టు అనుకుందేమో. లేదా ‘నయమై’ అని తానే పెట్టుకున్న షరతు ఆమెకు అడ్డం వచ్చిందేమో. నడుస్తున్నాడు, అన్నం తానే కలుపుకుంటున్నాడు, కానీ కోపం వస్తే కంచం విసురుతున్నాడు, స్టవ్ కట్టేయడం మరుస్తున్నాడు. మొక్కు తీరిస్తే, ఇంతే నయం, ఇక ఇంతే అని ఒప్పుకున్నట్టు. తీర్చకపోతే బాకీ. ఇందులో ఏ డాక్టర్ సాయం చేస్తాడు? మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుందని, తర్వాత నెమ్మదిస్తుందని, ఏళ్ల తర్వాత కూడా కొద్దికొద్దిగా ఉండొచ్చని చెబుతారు. ఫలానా తేదీకి అయిపోయిందని ఎవరూ రాసివ్వరు. ఆ తేదీ మీ అమ్మే వేసుకోవాల్సి వచ్చింది. మొన్నటి జాతరకు వేసుకుంది. ఎందుకు ఇప్పుడు అని అడుగు. చెబితే రాయి, చెప్పకపోతే చెప్పలేదని రాయి.

బెల్లం దుకాణంలో జరిగింది మాత్రం ఒక్క ముక్క వదలకుండా కావాలి నాకు. ఎలక్ట్రానిక్ కాంటా మీద నిలబెడితే, బాపు వంగి తన బరువు తానే చదివి, ‘రెండు కిలోలు తరుగు తీస్కో’ అన్నాడట కదా. దుకాణంవాడు నవ్వాడు, మీ అన్న నవ్వాడు. అమ్మ ఏం చేసింది? ఆయన అలవాటుగా అన్నాడా, పరాచికం ఆడాడా? పాత బాపుకు పరాచికాలు ఉండేవా? నీకు తెలియకపోతే ఆ తెలియకపోవడమే ఆ పేజీలో ఉండనీ.

మా బావ తాటిచెట్టు మీద నుంచి పడ్డాక ఆ ఇంటికి నేను వస్తూపోతూ ఉన్నాను కాబట్టి ఒకటి చెప్పగలను. రెండో ఏడాదిలో రాయడానికి ఏమీ జరగదు. అక్కడే రచయితలు విసుగొచ్చి మనిషిని నయం చేసేస్తారు. నువ్వు ఒక్క పనిని పట్టుకో. చాయ్ పెట్టడమే తీసుకో. మొదట్లో నీళ్లు పెట్టి ఆగిపోతాడు. బతుకమ్మ పండుగకు చాయ్‌పత్తి దాకా వస్తాడు, చక్కెర రెండుసార్లు వేస్తాడు. సంక్రాంతికి చాయ్ అవుతుంది, స్టవ్ మండుతూనే ఉంటుంది. మధ్యలో ఏ జ్వరమో వచ్చి మళ్లీ నీళ్ల దగ్గరే ఆగుతాడు. తేదీలు వద్దు, పండుగలు చాలు.

చిన్నవి కొన్ని. ఫిజియోథెరపీకి వచ్చే అబ్బాయికి నెలనెలా డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కథలో లేదు. మీ అన్న డిగ్రీ మానేసి వడ్డేపల్లి చెరువు కట్ట మీద బాపును నడిపించడం అర వాక్యంలో ఉంది, అతనికి కనీసం ఒక పేజీ బాకీ ఉన్నావు. వైకల్యం సర్టిఫికెట్ కోసం పోయిన సదరం క్యాంపు క్యూలో వెనకాయన ‘మంచిగనే ఉన్నవు గద పెద్దమనిషీ’ అన్న మాట ఉంచు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, తలకు దెబ్బ అన్న పేరుతో విడిగా ఒకటి లేదు. పైకి కనిపించని దాన్ని క్యూలోవాడికి ఎలా చెప్పాలో తెలియక నువ్వు నిలబడిన తీరు బాగా వచ్చింది. దాని తర్వాత సమాజం గురించి రాసిన పేరా మాత్రం బరువు, పీకెయ్.

మిర్చి సీజన్ అయిపోయేలోపు ఇంకోసారి బాపుతో యార్డుకు పోయి, ఆ చాయ్ హోటల్ దగ్గర కూర్చునిరా. నోట్‌బుక్ తీయకు, అక్కడివాళ్లకు టెన్షన్. రాసింది వేసవి సెలవుల్లో పంపు. ఈసారి అక్షరాలు కొంచెం పెద్దగా కొట్టించు, నా కళ్లజోడు మార్చాల్సిన టైమ్ దాటిపోయింది. బాపును, అమ్మను అడిగానని చెప్పు.