చామనఛాయ పెళ్లికూతురికి తెల్లటి మేకప్ వేయాలా?

డిసెంబరులో పెళ్లి, నాది చామనఛాయ, అమ్మేమో "ఫొటోల్లో తెల్లగా పడాలి, మేకప్ అమ్మాయికి గట్టిగా చెప్పు" అంటోంది, అసలు మేకప్ అంటే మన ముఖాన్ని దాచుకోవడమేనా అని మీరు అడిగారు. తెనాలి చుట్టుపక్కల పన్నెండేళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తున్నాను, నేను చూసింది చెప్తాను. తెల్లగా వేయించుకోవద్దు. మేకప్ మాత్రం మానొద్దు.

నేను కోర్సు చేసిన చోట మొదటి వారంలోనే, పెళ్లికూతురి రంగు కంటే రెండు షేడ్లు లేత ఫౌండేషన్ (ముఖమంతా రాసే చర్మం రంగు క్రీమ్) తీసుకోవాలని నేర్పారు. నేనూ అలాగే వేసేదాన్ని. కొత్తలో ఒకమ్మాయిది తెల్లవారుజాము ముహూర్తం. అర్ధరాత్రి మొదలుపెట్టి రెండు గంటలు వేశాను. వాళ్లమ్మ చూసి మురిసిపోయారు. తలంబ్రాలప్పుడు ఆ పిల్ల చేతులెత్తింది. గోరింటాకు చేతులు ఒక రంగు, ముఖం ఇంకో రంగు. హోమం పొగకు చెమట పట్టి ముక్కు పక్కన గీతలు గీతలుగా కారింది. ఫ్లాష్ పడినప్పుడల్లా ముఖం బూడిద పూసినట్టు వచ్చింది. ఆల్బమ్ వచ్చాక చూపిస్తూ, "ఇందులో నేను లేనక్కా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మా తాతయ్య వీధి నాటకాలు ఆడేవారు. ముఖానికి అర్దళం పూసుకునేవారు. అది పసుపుపచ్చటి రాయి, నూరి రాసుకుంటారు (అందులో ఆర్సెనిక్ ఉంటుందని నాకు చాలా తర్వాత తెలిసింది, తలుచుకుంటే భయమేస్తుంది). ఆయన అందంగా కనపడాలని పూసుకోలేదు. పెట్రోమాక్స్ వెలుగులో, దూరంగా చాప మీద కూర్చున్న వాళ్లకు కూడా కళ్లూ కనుబొమలూ తెలియాలి, వచ్చింది ఎవరో తెలియాలి. కేరళ కథకళిలో ధర్మరాజు, నలుడు లాంటి పాత్రలకు ముఖమంతా ఆకుపచ్చ రంగే. ముఖం చుట్టూ 'చుట్టి' అనే తెల్లటి అంచు కట్టడానికే గంటలు పడుతుంది. మన పెళ్లిలో కల్యాణతిలకం, బుగ్గన చుక్క, కాళ్లకు పారాణి కూడా అంతే, ఈ పూట ఈమె పెళ్లికూతురని చెప్తాయి. ఇవేవీ దాచుకోవడం కాదు.

తెల్లగా ఉంటేనే అందమన్న మాట మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, దాన్ని వ్యాపారం బాగా పెంచింది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. తెల్లబడితే సంబంధం కుదురుతుంది, ఉద్యోగం వస్తుంది అనే ప్రకటనలు చూస్తూనే మా అమ్మా పెరిగింది, నేనూ పెరిగాను. 2020లో పేరులో "ఫెయిర్" తీసేసి "గ్లో" పెట్టారు. ఇన్నేళ్లు విన్న మాట అంత తొందరగా పోదు కదా, అందుకే మీ అమ్మగారి మీద కోపం తెచ్చుకోకండి. 2017లో పాప్ గాయని రిహానా మేకప్ బ్రాండ్ ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 ఫౌండేషన్ షేడ్లతో వచ్చాక మిగతా కంపెనీలూ ముదురు షేడ్ల మీద దృష్టి పెట్టాయి. అంతకుముందు మా ఊళ్లో మీలాంటి ఛాయకు సరిపడేది దొరక్క, రెండు సీసాలు అరచేతిలో కలుపుకునేదాన్ని.

పెళ్లికి ముందు వేసి చూసే ట్రయల్‌లో షేడ్‌ను మణికట్టు మీద చూడనివ్వకండి. దవడ అంచున మూడు షేడ్లు గీయించుకుని వీధిలోకి వచ్చి ఎండలో చూసుకోండి. చర్మంలో కలిసిపోయి ఏది కనపడకుండా పోతుందో అదే మీది. ఇంకోటి, పెళ్లికూతుర్ని చేసినప్పుడు రాసిన పసుపు వెంటనే పోదు, ట్రయల్‌లో సరిపోయిన షేడ్ పెళ్లిరోజు తేలిపోవచ్చు. కాస్త పసుపు ఛాయ ఉన్న ఇంకో సీసా కూడా తెచ్చుకోమని ముందే చెప్పండి. మెడకు, చెవులకు, చేతులకు కూడా ముఖానికి వేసిందే వేయించుకోండి. మిగతా శ్రద్ధంతా కళ్ల మీద పెట్టించండి. చామనఛాయకు ఒత్తుగా కాటుక, రెప్పల మీద రాగి రంగు, మెరూన్ లిప్‌స్టిక్ ఎంత నిండుగా ఉంటాయో!

ట్రయల్‌కి అమ్మగారినీ తీసుకెళ్లండి. సగం ముఖానికి మీ రంగు, సగానికి ఆవిడ అడిగిన రంగు వేయించి, చేతులు బుగ్గల దగ్గర పెట్టుకుని ఫ్లాష్‌తో ఒక ఫొటో తీయించండి. ఆ ఫొటో ఆవిడ చేతికివ్వండి. నా దగ్గరికి వచ్చే అమ్మలందరికీ నేనిప్పుడు ఇదే చేస్తున్నాను.