కాంగో వెళ్తున్న నర్సుకు ఏ చట్టం తోడు వస్తుంది?

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి స్టాఫ్ నర్సు. ఒక విదేశీ సేవా సంస్థ తూర్పు కాంగోలో ఏడాది పాటు పనికి తీసుకుంటానంది. అక్కడి గొడవలు, ఆడవాళ్ల మీద జరిగే అఘాయిత్యాలు టీవీలో చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. "ఐక్యరాజ్యసమితి చట్టాలున్నాయమ్మా" అంటుంది అది. మిలిటరీలో చేసి రిటైరైన మా మరిది "తుపాకీ పట్టుకున్నోడికి చట్టం ఏటి వదినా" అంటాడు. ఎవరి మాట నిజం? జరగరానిది జరిగితే కేసు ఎక్కడ పెట్టాలి?

జవాబు: అమ్మా, మీ మరిది మాటను నేను కొట్టిపారేయను. తుపాకీ ఎదురుగా ఉన్న ఆ నిమిషంలో ఏ చట్టమూ అడ్డం పడదు. చట్టం తర్వాత వస్తుంది, చాలాసార్లు ఏళ్లు గడిచాక వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. కానీ వచ్చిన చోట ఎలా వచ్చిందో తెలిస్తే మీ అమ్మాయి ముందుగా ఏం చూసుకోవాలో అర్థమవుతుంది, అందుకే కొంచెం పొడుగ్గా చెప్తున్నాను, ఓపిగ్గా చదవండి.

యుద్ధంలో ఆడవాళ్లను అత్యాచారం నుంచి కాపాడాలని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 27వ అధికరణంలోనే రాసి ఉంది. కాకపోతే అక్కడ దాన్ని ఆడవాళ్ల "గౌరవం" మీద దాడి అన్నారు. శరీరం మీద దాడి అనలేదు, హింస అనలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే పరువు పోతుందని రాజీ చేసుకోమనే పెద్దమనుషులను విజయనగరం కోర్టు ఆవరణలోనే చాలామందిని చూశాను.

ఆ ఆలోచన మారింది ఆఫ్రికాలోని రువాండా కేసుతో. 1994లో అక్కడ తుత్సీ జాతి వాళ్లను లక్షల్లో చంపిన నరమేధం మీద విచారణకు టాంజానియాలోని అరూషాలో ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. టాబా అనే ఊరి మేయరు జీన్ పాల్ అకయేసు మీద వేసిన మొదటి చార్జిషీటులో అత్యాచారం అన్న మాటే లేదు. హత్యల గురించి సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఒక తల్లి మధ్యలో తన ఆరేళ్ల కూతురికి జరిగింది చెప్పింది. బెంచీలో ఉన్న ఒకే ఒక్క మహిళా జడ్జి నవనీతం పిళ్లై, డర్బన్‌లో పుట్టిన తమిళ సంతతి ఆవిడ, అలాంటి సాక్షులను పక్కకు నెట్టకుండా ప్రశ్నలు అడిగి చెప్పించారు. 1997లో చార్జిషీటు మార్చారు. 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు, ఒక జాతిని నాశనం చేయాలని చేసే అత్యాచారం నరమేధం కిందికే వస్తుందని మొదటిసారి తేల్చింది. ఆ తల్లి నోరు విప్పకపోయినా, విప్పినప్పుడు వినేవాళ్లు ఆ బెంచీలో లేకపోయినా ఆ తీర్పు ఎలా ఉండేదో ఊహించుకోండి.

అదే ఏడాది రోమ్‌లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఒప్పందం కుదిరింది. మన దేశం అందులో చేరలేదు. కాంగో 2002లోనే చేరింది, కాబట్టి ఆ గడ్డ మీద జరిగిన యుద్ధ నేరాలు, నరమేధం లాంటి పెద్ద నేరాలు, బాధితురాలు ఏ దేశస్థురాలైనా, ఆ కోర్టు పరిధిలోకి వస్తాయి. తూర్పు కాంగోలో సాయుధ ముఠా నడిపిన బోస్కో న్టగండాకు 2019లో 30 ఏళ్ల శిక్ష వేసింది ఈ కోర్టే. అతని నేరాల్లో అత్యాచారం, లైంగిక బానిసత్వం ఉన్నాయి, అవి అతని సొంత దళంలోని ఆడపిల్లల మీద జరిగినవి కూడా. కానీ నేరాలు 2002, 2003 నాటివి, శిక్ష 2019లో. పైగా ఆ కోర్టు పెద్ద తలకాయలనే పట్టుకుంటుంది.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానాలూ ఉన్నాయి. 2000లో 1325 నంబరుది, 2008లో 1820 నంబరుది. అత్యాచారాన్ని యుద్ధ వ్యూహంగా వాడటం అంతర్జాతీయ శాంతికే ముప్పు కావచ్చని రెండోది ఒప్పుకుంది. అవి దేశాల మీద ఒత్తిడి తేవడానికి పనికొస్తాయి, వాటిని పట్టుకుని మీ అమ్మాయి కేసు వేయలేదు.

ఇక మీ అసలు ప్రశ్న, కేసు ఎక్కడ? అది ఎవరు చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. చేసినవాడు మన దేశస్థుడైతే, తోటి ఉద్యోగి అనుకోండి, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత మొదటి సెక్షన్ ప్రకారం విదేశంలో చేసిన నేరానికి కూడా ఇక్కడ కేసు పెట్టొచ్చు, బొబ్బిలి స్టేషన్‌లోనే పెట్టొచ్చు. విచారణ నడవడానికి కేంద్రం అనుమతి కావాలి. అయితే ఆఫ్రికాలోని బోట్స్వానాలో జరిగిన వ్యవహారం మీద మన ఆంధ్రా కేసులోనే సుప్రీంకోర్టు 2011లో, కోర్టు కేసును స్వీకరించే దశ వరకు ఆ అనుమతి అక్కర్లేదని చెప్పింది. కాబట్టి "ఢిల్లీ నుంచి కాగితం తెండి" అని స్టేషన్‌లో ఎవరైనా తిప్పి పంపితే వినకండి.

ఐరాస శాంతిసేన సైనికుడైతే అతన్ని శిక్షించే అధికారం అతని సొంత దేశానిదే. ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే బాధితురాలు ఒక దేశంలో, కోర్టు మరో దేశంలో. 2016 నాటి 2272 తీర్మానం వచ్చాక ఆరోపణలు ఉన్న దళం మొత్తాన్నీ వెనక్కి పంపే వీలుంది. అంతవరకు నయం.

స్థానిక సైనికుడో, తిరుగుబాటుదారుడో అయితే కాంగో కోర్టులే. మనకు 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ఒకటుంది, విదేశీయుడు విదేశంలో చేసిన తీవ్ర ఉల్లంఘనను కూడా శిక్షించొచ్చు అంటుంది. కానీ ఫిర్యాదు ప్రభుత్వమే చేయాలి, మీరు గానీ నేను గానీ చేయలేం. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కాంగో కోర్టులంటే తేలిగ్గా తీసేయకండి. తూర్పు కాంగోలోని బుకావు నగరం దగ్గర కవుము అనే ఊళ్లో ఏళ్ల తరబడి రాత్రిపూట చిన్నపిల్లలను ఇళ్లలోంచి ఎత్తుకుపోయి పాడుచేశారు. 2017 డిసెంబరులో అక్కడి సైనిక కోర్టు 11 మందికి యావజ్జీవం వేసింది, అందులో ఒకడు ప్రాంతీయ శాసనసభ్యుడు. ఆ పిల్లలకు వైద్యం చేసిన పాంజీ ఆసుపత్రి, 2018 నోబెల్ శాంతి బహుమతి పొందిన డాక్టర్ డెనిస్ ముక్వేగే ఆసుపత్రి, రాసి ఉంచిన వైద్య రికార్డులు ఆ కేసుకు బలమయ్యాయి.

మన పక్క మన్యంలో వాకపల్లి కేసు గుర్తుండే ఉంటుంది. 2007లో 11 మంది గిరిజన మహిళలు తమపై అత్యాచారం చేశారని పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023లో కోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది, అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదంటూ ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు తిరిగాక. మొదటి రోజుల్లో సాక్ష్యం సరిగా సేకరించకపోతే తర్వాత ఎంత పెద్ద కోర్టుకెళ్లినా ఏమీ మిగలదు, కాంగోలో అయినా పాడేరులో అయినా.

అందుకే సంతకం పెట్టేముందు మీ అమ్మాయి ఆ సంస్థను రాతపూర్వకంగా అడగాల్సినవి ఉన్నాయి. దాడి జరిగితే 72 గంటల్లోపు మొదలుపెట్టాల్సిన హెచ్‌ఐవి నివారణ మందులు పని చేసే చోటే ఉంటాయా? గర్భ నివారణ మాత్రలు ఉంటాయా? వైద్య పరీక్ష రిపోర్టు నకలు తన చేతికి ఇస్తారా? ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఆ మనిషి తన పై అధికారి కాకుండా వేరే ఉన్నారా? బీమాలో ఇది కవర్ అవుతుందా, కౌన్సెలింగ్ ఖర్చుతో సహా? పరిస్థితి చెడితే ఎన్ని గంటల్లో బయటికి తెస్తారు? 2025 జనవరిలో తూర్పు కాంగోలోని గోమా నగరం తిరుగుబాటుదారుల చేతికి వెళ్లింది, కాబట్టి ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. వెళ్లగానే కాంగో రాజధాని కిన్షాసాలోని మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోమనండి.

వెళ్లాలా వద్దా అన్నది మీ అమ్మాయి నిర్ణయం. నియామక పత్రం ఫ్రెంచిలో వస్తే ఇంగ్లీషు కాపీ అడిగి తీసుకుని, సంతకానికి ముందు ఒకసారి లాయరుకు చూపించండి. అప్పుడు మీ మరిదిని కూడా వెంట తీసుకెళ్లండి. గొడవ మొదలైతే ఏ దారిన, ఏ బండిలో, ఎవరి మాట మీద బయటపడాలో ఆ సంస్థను ఎలా నిలదీసి అడగాలో మాలాంటి వాళ్ల కంటే ఆయనకే బాగా తెలుసు.