చార్టర్ స్కూల్లో ప్రతివారం కోచ్ క్లాసుకొచ్చి కూర్చుంటే భయపడాలా?

మీ ప్రశ్న చదివాను. అమెరికాలో హ్యూస్టన్ దగ్గర ఒక చార్టర్ స్కూల్లో, అంటే ప్రభుత్వ డబ్బుతోనే నడిచినా జిల్లా అజమాయిషీ లేని స్కూల్లో, ఆగస్టు నుంచి లెక్కల టీచరుగా చేరబోతున్నారు. వాళ్ళు పంపిన కాగితాల్లో "వారానికో అబ్జర్వేషన్, వారానికో కోచింగ్ మీటింగ్" అని ఉంది, అంటే కోచ్ అనే మనిషి వారానికోసారి మీ క్లాసులో కూర్చుని చూసి, తర్వాత మీతో దాని గురించి మాట్లాడతారు. ఇది మన దగ్గర ఇన్‌స్పెక్షన్ లాంటిదేనా, ఉద్యోగానికి ఎసరు పెడుతుందా అని అడిగారు. మీరు జె-1 వీసా (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో వెళ్ళేవాళ్ళకిచ్చేది) మీద వెళ్తున్నారు, నేను మావారి ఉద్యోగం వల్ల వెళ్ళాను కాబట్టి వీసా సంగతి నాకు తెలియదు. కానీ గుంటూరులో ఆరేళ్ళు ప్రైవేటు స్కూల్లో చెప్పి, తర్వాత టెక్సస్‌లో ఒక చార్టర్ స్కూల్లో ఎనిమిదో తరగతి లెక్కలు చెప్పాను. ఆ పైన రెండేళ్ళు నేనే కోచ్‌గా చేశాను. రెండు వైపులా కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నా: ఇది ఇన్‌స్పెక్షన్ కాదు. కొన్నిచోట్ల మాత్రం ఇన్‌స్పెక్షన్‌గా మారిపోతుంది. ఆ తేడా ఎలా కనిపెట్టాలో నా అనుభవమే చెబుతుంది.

మనకి ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో తెలుసుగా. రెండు రోజుల ముందు నుంచి గోడలకి చార్టులు, నోట్సుల్లో ఎర్ర ఇంకు దిద్దుబాట్లు, చురుకైన పిల్లలు ముందు బెంచీలోకి. వచ్చినాయన ముందు చెప్పేది నిన్న చెప్పేసిన పాఠమే. టెక్సస్‌లో కోచ్ మొదటిసారి నా క్లాసుకి వచ్చిన రోజు నేనూ అదే చేశాను, సోమవారం పాఠాన్ని మంగళవారం మళ్ళీ చెప్పాను. ఆవిడ పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. సాయంత్రం నవ్వుతూ, "ఈ పాఠం పిల్లలకి ముందే వచ్చినట్టుందే!" అన్నారు. నాకు తలకొట్టేసినట్టయింది.

తర్వాతి వారం వచ్చినప్పుడు వెనక కూర్చుని ఏదో కాగితం మీద గీతలు గీస్తూ ఉన్నారు. మీటింగ్‌లో "ఇవాళ ఎంతమంది పిల్లలు మాట్లాడారు?" అని అడిగారు. దాదాపు అందరూ అన్నాను. ఆవిడ కాగితం ముందు పెట్టారు. పిల్లలు కూర్చున్న చోట్ల పటం అది, మాట్లాడిన ప్రతిసారికీ ఒక గీత. ఇరవై ఆరుమందిలో గీతలున్నది నలుగురి పేర్ల పక్కనే. ఇంకో సంగతి కూడా రాసుకున్నారు. ప్రశ్న అడిగి ఒక్క సెకను కూడా ఆగకుండా జవాబు నేనే చెప్పేస్తున్నాను. నా ఒక్కదాని జబ్బు కాదిది. 1970లలోనే మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని, మాట్లాడే పిల్లలు పెరుగుతారని చూపించారు. నేను బీఈడీలో చదివే ఉంటాను. చదవడం వేరు, నా క్లాసులో నా గీతలు చూసుకోవడం వేరు.

ఇంకో అలవాటు కూడా పట్టుకున్నారు. మనం "రాజూ, నువ్వు చెప్పరా, ఈ గీత వాలు ఎంత?" అంటాం. రాజు పేరు వినపడగానే మిగతా పాతికమంది ఊపిరి పీల్చుకుని బుర్ర కట్టేస్తారు. ప్రశ్న ముందు, తర్వాత మౌనం, ఆ తర్వాతే పేరు. అంతే, ఆ వారానికి నాకిచ్చిన పని అదొక్కటే. నా బోర్డు వర్క్, నా గొంతు, క్లాసు వెనక పడుకున్న కుర్రాడు, వేటి గురించీ మాట్లాడలేదు.

అసలు విషయం దాని తర్వాత జరిగింది. "సరే, రేపటి నుంచి చేస్తా" అని లేవబోతుంటే, "రేపు కాదు, ఇప్పుడే" అని ఆవిడ పిల్లల కుర్చీలో కూర్చున్నారు. ఖాళీ గదిలో నేను బోర్డు దగ్గర నిలబడి, ఆవిడని పిల్లల్లా ఊహించుకుని రేపటి ప్రశ్న అడగాలి. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అడిగాను. ఆవిడ తల దించుకుని బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. రెండో సెకనుకే నోరు తెరిచేశాను. "మళ్ళీ." అలా ఐదుసార్లు. ఐదోసారి అర్థమైంది నాకు, క్లాసులో నిశ్శబ్దమంటే నాకు భయం. మన దగ్గర టీచరు ఆగితే సబ్జెక్టు రాదనుకుంటారు కదా, ఆ భయం ఒంట్లో ఉండిపోయింది.

మర్నాడు లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆగాను. ఎన్నడూ మాట్లాడని ఒక పిల్లాడు జవాబు చెప్పాడు, అదీ తప్పు. గీత వాలు కట్టడానికి అడ్డం మార్పుని నిలువు మార్పుతో భాగించాడు, తిరగేసి. శుక్రవారం మీటింగ్‌కి ఎగ్జిట్ టికెట్లు తీసుకెళ్ళాను. పీరియడ్ చివర పిల్లలు ఒక్క లెక్క చేసిచ్చే చిన్న కాగితాలవి. అవి చూసే ముందు సరైన జవాబు ఎలా ఉండాలో నాచేతే రాయించారు. నేను అంకె రాశాను, వివరణ రాయలేదు. నేనే రాయనిది పిల్లలు ఎలా రాస్తారు? తర్వాత ఒకే రకం తప్పున్న కాగితాలని కట్టలు కట్టాం. ఆ కుర్రాడి తప్పే ఇంకో ఎనిమిదిమందికి ఉంది. సోమవారం పది నిమిషాలు అదే మళ్ళీ చెప్పాను. ఆ కుర్రాడు నోరు తెరవకపోతే ఆ కాగితాలని "అజాగ్రత్త" అనుకుని పక్కన పడేసేదాన్ని.

చార్టర్ స్కూళ్ళు దీనికింత ప్రాముఖ్యం ఎందుకిస్తాయంటారా? ఇవి ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూళ్ళే, ఫీజు ఉండదు, సీట్లకి మించి అప్లికేషన్లొస్తే లాటరీ తీస్తారు. మిన్నెసోటాలో 1991లో తొలి చట్టం వచ్చింది, టెక్సస్‌లో 1995లో. జిల్లా (ఆ ప్రాంతపు స్కూళ్ళని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) అజమాయిషీ ఉండదు కానీ ఫలితాలు చూపించాలి. టెక్సస్‌లో రాష్ట్రం ఇచ్చే రేటింగ్‌లో వరుసగా మూడేళ్ళు ఫెయిలైతే చార్టర్ (స్కూలు నడిపే అనుమతి) రద్దు చెయ్యాలని చట్టంలోనే ఉంది. పైగా టీచింగ్ సర్టిఫికెట్ లేకుండా డిగ్రీతో చేరే కొత్తవాళ్ళు చాలామంది. వాళ్ళని ఉద్యోగంలోనే తయారుచేసుకోవాలి. కోచింగ్ అవసరం అక్కడి నుంచి వస్తుంది, టెన్షన్ కూడా అక్కడి నుంచే వస్తుంది.

ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మరుసటి ఏడాది చూశాను. ఆ కోచ్ వేరే ఊరు వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినాయన అసిస్టెంట్ ప్రిన్సిపాల్. కోచింగూ ఆయనే, సంవత్సరాంతం నా పనికి మార్కులు వేసేదీ ఆయనే. క్లాసులో ట్యాబ్ పట్టుకుని టైపు చేస్తూ కూర్చునేవారు, రాత్రికి మెయిల్లో తొమ్మిదో పదో సూచనలు. ఏదీ చేసి చూపించింది లేదు, నాచేత చేయించింది లేదు. చార్టర్లలో చాలాచోట్ల యూనియన్ ఉండదు, ఉద్యోగం ఏడాదికేడాది. దాంతో ఏం చేశాను? ఆయనొచ్చే రోజుకి బాగా వచ్చిన పాఠం దాచిపెట్టుకోవడం మొదలుపెట్టాను. మళ్ళీ గుంటూరే!

ఆయన్ని తిట్టుకుంటూ కోచ్‌నయ్యాను, అదే తప్పు నేనూ చేశాను. ఒక కొత్త సైన్స్ టీచరుకి మొదటి మీటింగ్‌లోనే ఏడు పాయింట్లు చెప్పాను. పాపం అన్నీ శ్రద్ధగా రాసుకుంది. వారం తర్వాత వెళ్తే ఒక్కటీ మారలేదు. "వీటిలో ముందు ఏది చెయ్యాలో తెలియలేదు" అంది. తప్పులు కనిపెట్టడం తేలిక, గుంటూరులో కరస్పాండెంటు కూడా కిటికీలోంచి కనిపెట్టేవాడు. ఏడింటిలో ఆరు మింగేసి ఒకటి ఎంచుకోవడమే నాకు చాలా రోజులు చేతకాలేదు.

ఇంకో చిక్కు టైము. నా కింద పద్నాలుగుమంది టీచర్లు. ఎవరైనా సెలవు పెట్టి సబ్‌స్టిట్యూట్ దొరక్కపోతే ఆ క్లాసుకి నేనే. అక్టోబరులో ఒక వారం ఒక్క అబ్జర్వేషనూ చెయ్యలేదు. ప్రిన్సిపాల్‌ని అందరూ ఇన్‌స్ట్రక్షనల్ లీడర్ (బోధనని ముందుండి నడిపించే మనిషి) అనేవారు, కానీ ఆవిడ పొద్దున బస్సుల దగ్గర, మధ్యాహ్నం భోజనాల హాల్లో, మిగతా టైము తల్లిదండ్రుల ఫోన్లలో. 2018లో మాథ్యూ క్రాఫ్ట్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందం అరవై అధ్యయనాలని కలిపి చూసి, కోచింగ్ వల్ల బోధనా, పిల్లల ఫలితాలూ మెరుగవుతాయని, కానీ కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ ఆ లాభం తగ్గుతుందని తేల్చింది. చదివినప్పుడు నాకు ఆ అక్టోబరే గుర్తొచ్చింది.

కాబట్టి సంతకం పెట్టే ముందు ఒక మెయిల్ పెట్టి అడగండి: నా కోచ్ ఎవరు, ఆయన కింద ఎంతమంది, ఆయన రాసుకున్నవి మార్కుల్లోకి వెళ్తాయా, మీటింగ్‌లో ప్రాక్టీస్ ఉంటుందా. చివరి ప్రశ్నకి వాళ్ళు తడుముకుంటే అక్కడ జరిగేది కాగితాల కోచింగ్ అనుకోవచ్చు. అలాంటి చోట పడ్డా దారి ఉంది. పది సూచనలొస్తే "ఈ వారం వీటిలో ఒక్కటి చెప్పండి, మీ ముందు చేసి చూపిస్తా" అని మీరే అనండి. నేను ఆ మాట అనడానికి ఏడాది ఆలస్యం చేశాను.

మీ యాస గురించి కూడా అడిగారు. యాసకి పిల్లలు రెండు వారాల్లో అలవాటు పడతారు, దెబ్బ కొట్టేది మన లెక్కల భాష. నేను "త్రీ ఇంటూ ట్వెల్వ్" అంటే సగం క్లాసు నాలుగు అని రాసింది, నేను ముప్ఫై ఆరు కోసం చూస్తున్నాను. అక్కడ "ఇంటూ" అంటే పన్నెండులో మూడు ఎన్నిసార్లు పోతుందని, అంటే భాగహారం. అదీ మా మొదటి కోచే పట్టుకున్నారు. హెచ్.సి.ఎఫ్.ని జి.సి.ఎఫ్. అంటారు, బాడ్‌మాస్‌ని పెమ్‌డాస్ అంటారు, సరళరేఖ సమీకరణంలో మన "సి" ఉన్న చోట వాళ్ళకి "బి" ఉంటుంది. ఆగస్టులోపు "ఇంటూ" మానేసి "టైమ్స్" అనడం ఇంట్లోనే గట్టిగా ప్రాక్టీస్ చెయ్యండి.