రెండో తరగతి పిల్లవాడి తీసివేతలు, ఒత్తులు

నమస్కారమండీ. మీ అబ్బాయి 52లోంచి 27 తీసివేయమంటే 35 అని వేస్తున్నాడనీ, వాచకంలో ఒత్తు కనిపించిన చోటల్లా ఆగిపోతున్నాడనీ రాశారు.

ఆ 35 అజాగ్రత్త వల్ల వచ్చినది కాదు. 2లోంచి 7 పోదు కనుక, పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలన్న పాత అలవాటు కొద్దీ 7లోంచి 2 తీసి 5 వేస్తున్నాడు. ‘పక్కనుంచి అప్పు తెచ్చుకో’ అంటే మాట గుర్తుంటుంది గాని, లెక్క అర్థం కాదని నా అభిప్రాయం. కొన్నాళ్లు పలక పక్కన పెట్టి, చీపురుపుల్లలను పదేసి చొప్పున వాడి చేతే కట్టలు కట్టించండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి ఇరవై ఏడు ఇమ్మని అడిగితే, ఏడు విడి పుల్లలు లేవు కాబట్టి తానే ఒక కట్ట విప్పుతాడు. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు ఉన్నాయని వాడి నోటనే చెప్పించి, 25 మిగిలాక మాత్రమే అంకెలు రాయించండి.

ఇక ఒత్తులు. గ, డ, ప ఒత్తులు తలకట్టు లేని ఆ అక్షరాల్లాగే ఉంటాయి కనుక ముగ్గు, గడ్డి, పప్పు ముందు చదివించండి. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు. పెద్దవాళ్లం ఈ సంగతి ఎప్పుడో మరిచిపోయాం. వాటిని అత్త, అన్నం, అమ్మ, పిల్లి వంటి ఇంటి మాటలతో రోజుకొకటి చొప్పున నేర్పి, ఆ తర్వాతే రాత్రి, పద్యం వంటి సంయుక్తాక్షరాలకు వెళ్లండి. రోజుకు పావుగంట చాలు.