పదవిలో ఉండగానే హతుడైన బ్రిటన్ ప్రధాని

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక పాఠకుడు): బ్రిటన్ ప్రధానుల్లో పదవిలో ఉండగా హత్యకు గురైనవారు ఒక్కరేనని చదివాను. ఆయన ఎవరు? నెపోలియన్‌తో యుద్ధం సాగుతున్న కాలం కనుక దాని వెనుక ఫ్రాన్స్ కుట్ర ఏమైనా ఉందా?

జవాబు: ఆయన పేరు స్పెన్సర్ పెర్సివల్. కుట్ర ఏమీ లేదు. 1812 మే 11 సాయంత్రం అయిదుంబావు ప్రాంతంలో, కామన్స్ సభ లాబీలో అడుగుపెట్టిన ప్రధానిని జాన్ బెల్లింగ్‌హామ్ అనే లివర్‌పూల్ వర్తకుడు గుండెపై పిస్తోలుతో కాల్చాడు. చంపినవాడికి ప్రధానితో వ్యక్తిగత పరిచయం లేదు, ఫ్రాన్స్‌తో సంబంధం అసలే లేదు. అయినా ఆ రోజు లండన్‌లో చాలామంది ఇది తిరుగుబాటుకు నాంది అని భయపడ్డారంటే అందుకు తగిన కారణాలు ఉన్నాయి.

పెర్సివల్ 1762లో ఒక ప్రభువు రెండో భార్యకు పుట్టిన చిన్న కొడుకు. ఆస్తిలో చెప్పుకోదగ్గ వాటా దక్కలేదు కనుక న్యాయవాద వృత్తితోనే పైకి వచ్చాడు. 1796లో నార్తాంప్టన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికై, 1807లో ఆర్థికమంత్రిగా, 1809 అక్టోబరులో ప్రధానిగా బాధ్యతలు చేపట్టాడు. స్వంత జీవితంలో మచ్చలేని మనిషి, పన్నెండుమంది పిల్లల తండ్రి. బానిస వ్యాపారం రద్దును గట్టిగా సమర్థించినవాడే, కాథలిక్కులకు రాజకీయ హక్కులు ఇవ్వడాన్ని అంతే గట్టిగా వ్యతిరేకించాడు. అయితే ఆయన పేరు జనం నోట శాపనార్థాలతో కలిసి వినిపించడానికి కారణం వేరు. తటస్థ దేశాల ఓడలు ఫ్రాన్స్‌తో వర్తకం చేయకుండా ఆయన ప్రభుత్వం అమలుపరిచిన నౌకా ఉత్తర్వుల వల్ల అమెరికాతో వ్యాపారం దెబ్బతిన్నది, ఉత్తర ఇంగ్లండ్‌లో మగ్గాలు మూతపడ్డాయి, తిండిగింజల ధరలు పెరిగాయి. ఉపాధి పోయినవారు యంత్రాలు విరగ్గొట్టగా, అది మరణశిక్ష పడే నేరమని ఆ ఏడాది ఆరంభంలోనే చట్టం చేశారు. అందువల్లనే హత్య వార్త అందగానే నాటింగ్‌హామ్‌లో జనం సంబరాలు చేసుకున్నారు. లండన్‌లో సైతం హంతకుణ్ణి జైలుకు తీసుకువెళ్లే బండిని చుట్టుముట్టి విడిపించబోయారు. హత్య జరిగిన సాయంత్రం సభ విచారిస్తున్నది కూడా ఆ ఉత్తర్వుల సంగతే. ప్రధాని ఇంకా రాలేదని ప్రతిపక్ష సభ్యుడొకరు ఆక్షేపించగా కబురు పంపారు, ఆయన డౌనింగ్ వీధి నుంచి నడిచి వచ్చాడు.

ఇక బెల్లింగ్‌హామ్ కథ రష్యాలో మొదలవుతుంది. ఆర్ఖాంగెల్స్క్ రేవులో వ్యాపారం చేస్తున్న అతణ్ణి, తీర్చని బాకీ ఉందన్న ఆరోపణపై 1804లో నిర్బంధించారు. అక్కడి నుంచి బయటపడి 1809లో ఇంటికి చేరేసరికి దాదాపు అయిదేళ్లు గడిచాయి. బ్రిటిష్ రాయబారి తనను ఆదుకోలేదు గనుక బ్రిటిష్ ప్రభుత్వమే పరిహారం చెల్లించాలన్నది అతని వాదన. మరో దేశపు న్యాయస్థానాలు తీర్చిన బాకీ వివాదానికి తమ ఖజానా బాధ్యత లేదని ప్రభుత్వం చెప్పింది. చట్టం దృష్టిలో ఆ మాట తప్పని నేను అనుకోను. అయితే అర్జీ పట్టుకుని మంత్రుల కార్యాలయాల చుట్టూ తిరుగుతున్న అతనితో, నీకు తోచిన చర్య నువ్వు తీసుకోవచ్చునని 1812 ఏప్రిల్‌లో ఒక ఉద్యోగి అన్నాడు. విసుగుతో అన్నమాటే కావచ్చు. బెల్లింగ్‌హామ్ దానిని అనుమతిగా తీసుకున్నాడు. రెండు పిస్తోళ్లు కొన్నాడు, కోటు లోపల వాటికి సరిపడే జేబు కుట్టించుకున్నాడు, సభకు తరచూ వెళ్లి ఏ మంత్రి ఎవరో తెలుసుకున్నాడు. కాల్చిన తరువాత పారిపోకుండా బెంచీపై కూర్చుని పట్టుబడ్డాడు. ప్రధానికి బదులు రష్యాలోని ఆనాటి రాయబారి దొరికి ఉంటే ఆయననే కాల్చేవాణ్ణని విచారణలో స్వయంగా చెప్పాడు.

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు): అటువంటివానికి మతిస్థిమితం ఉన్నట్టేనా? ఆ కాలంలో అది శిక్ష నుంచి మినహాయింపు అయ్యేదా?

జవాబు: అయ్యేది. 1800లో మూడవ జార్జి రాజుపై నాటకశాలలో కాల్పులు జరిపిన హాడ్‌ఫీల్డ్‌ను మతిభ్రమణం కారణంగానే నిర్దోషిగా ప్రకటించి నిర్బంధంలో ఉంచారు. బెల్లింగ్‌హామ్ న్యాయవాది కూడా ఆ వాదనే తెచ్చి, అతని మానసిక స్థితి ఎరిగినవారిని లివర్‌పూల్ నుంచి రప్పించడానికి వాయిదా కోరాడు, న్యాయస్థానం నిరాకరించింది. ముద్దాయి మాత్రం తాను పిచ్చివాణ్ణి కానని, తనది న్యాయమైన పగ అని వాదించాడు. సోమవారం హత్య జరిగితే శుక్రవారం విచారణ జరిగింది, జ్యూరీ పావుగంటలోపే దోషి అని తేల్చింది, మరుసటి సోమవారం ఉరితీశారు. శిక్ష సరైనదా కాదా అన్నది పక్కన పెట్టినా, సాక్షులు లివర్‌పూల్ నుంచి రావడానికి కూడా వ్యవధి ఇవ్వని ఆ తొందర నా దృష్టిలో సమర్థనీయం కాదు. సభ పెర్సివల్ పిల్లలకు 50,000 పౌండ్లు, భార్యకు ఏటా భరణం మంజూరు చేయగా, అటు హంతకుని కుటుంబం కోసం కూడా ప్రజలు చందాలు పోగుచేశారు.

ఈ విషయంలో స్పష్టమైన సూత్రాలు రావడానికి మరో హత్య జరగవలసి వచ్చింది. 1843లో మెక్‌నాటెన్ అనే వ్యక్తి ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపి, మతిభ్రమణం కారణంగా నిర్దోషిగా బయటపడ్డాడు. దానిపై రేగిన దుమారంతో న్యాయమూర్తులు ప్రభువుల సభకు ఇచ్చిన సమాధానాలే మెక్‌నాటెన్ నియమాలు. తాను చేస్తున్న పని స్వభావం గాని, అది తప్పన్న సంగతి గాని తెలుసుకోలేని స్థితిలో ఉంటేనే మినహాయింపు. భారతీయ శిక్షాస్మృతి 84వ సెక్షను ఈ ఆలోచనపైనే నిలిచింది, ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షనుగా ఉంది. ఆ కొలబద్దతో చూస్తే, తాను ఎవరిని ఎందుకు కాలుస్తున్నదీ నింపాదిగా వివరించిన బెల్లింగ్‌హామ్‌కు మన న్యాయస్థానాల్లో సైతం ఆ మినహాయింపు దొరకడం కష్టమే.